మూడో క్లారినెట్

మొదటి నెలంతా నాకు పలికింది ఒక్కటే,
మేక గొంతు.
వేలూరు రోడ్డులో మా నాయన పంక్చర్ అంగడి వెనక
అరిగిపోయిన లారీ టైరు మీద కూచోని ఊదతా ఉంటే
మామిడికాయల లోడు డ్రైవర్లు తల బయటపెట్టి
"ఏం అబ్బోడా, ఈ పొద్దు కూరేనా?" అనేవాళ్ళు.

నిజానికి నేను పోయింది డ్రమ్ము కోసం.
డ్రమ్ముకు అప్పటికే పదకొండు మంది వరసలో ఉండారు.
ఆరోగ్యదాస్ సారు నా పెదాలు చూసినాడు, పండ్లు చూసినాడు,
సంతలో ఎద్దును చూసినట్టు.
బీరువాలోంచి నల్ల గొట్టమొకటి తీసి చేతిలో పెట్టినాడు.
ఒక మీటకు స్ప్రింగు పోయి రబ్బరు బ్యాండు చుట్టుంది.
"మూడో క్లారినెట్. వెనక వరస. పో."

మొదటి క్లారినెట్ హేమావతిది, పాటంతా ఆమెకే.
రెండో క్లారినెట్ ఆ పాట కొంగు పట్టుకోని నడుస్తుంది.
మూడోదానికి
ఒకే స్వరం నాలుగు లెక్కలు,
మళ్ళీ అదే స్వరం నాలుగు లెక్కలు,
ఆ తర్వాత కాగితం మీద లావుపాటి గీత,
గీత నెత్తిన పదహారు అని అంకె.
అంటే పదహారు నాలుగులు నోరు మూసుకోని కూచోవాల.

ఒకటి రెండు మూడు నాలుగు
రెండు రెండు మూడు నాలుగు
మూడు రెండు మూడు నాలుగు...
కెమిస్ట్రీ ల్యాబులో లెక్కపెట్టినా,
గాంధీ బొమ్మ కాడ బస్సు కోసం నిలబడి లెక్కపెట్టినా.
ఏడో నాలుగులో ఎప్పుడూ ఏదో ఒకటి గుర్తుకొచ్చేది,
కట్టని ఫీజో, చీలిపోయిన రీడో.
"ఖాళీ అనుకుంటా ఉండావు కదా" అన్నాడు సారు,
పోలీసు బ్యాండులో ముప్పై ఏండ్లు చేసినాయన,
"అదీ నీ వంతేరా. బాగా వాయించు."

ట్రంపెట్ గౌస్ పీర్ ఊదితే కిటికీలు అదిరేవి.
"పక్కవాడు నీకు వినపడలేదంటే నువ్వు జాస్తి అయినట్టు"
అని సారు వాడికి చెప్పినా
నేనే నేర్చుకున్నా ముందు. నా ఎడమ చెవిలో రెండో క్లారినెట్,
వీపు మీద డ్రమ్ము,
ఎక్కడో అడుగున, సొరంగంలో మాదిరి, యుఫోనియం.

ఒక రాత్రి నాయన గ్రీజు చేతులు తుడుచుకుంటా వచ్చి
నా మొగం పక్కన చెవి పెట్టినాడు.
సరిగమలు ఎన్నో తెలీని మనిషి.
"ఎడమ పక్క గాలి పోతా ఉంది" అన్నాడు.
తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి
బుడగ లేచే చోటును వేలితో నొక్కిపట్టే మనిషి.
పెదవి మూల బిగించినాను.
మేక పోయింది.
గొట్టం లోపల్నించి ఎవరో ఎదిగినవాళ్ళు మాట్లాడినట్టుంది.
చెబుదామని తిరిగి చూస్తే
నాయన అప్పటికే స్కూటర్ చక్రం ఊడదీస్తా ఉండాడు.

కాలేజీ డే. కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్లు ఆపేసినారు.
ఉన్నవాటికి బట్టల క్లిప్పులు పెట్టినాం.
చెమట కళ్ళలోకి దిగతా ఉంటే లెక్క మొదలుపెట్టినా.
పదమూడు రెండు మూడు నాలుగు.
పద్నాలుగు రెండు మూడు...
తలుపు కాడ నాయన. అంగడి చొక్కాతోనే.
ఇక నా లెక్క యాడ పోయిందో.

పదహారోది మొత్తం బ్యాండుకే ఖాళీ.
సారు చెయ్యి గాలిలో ఆగింది, డ్రమ్ము ఆగింది,
హాలంతా ఊపిరి బిగబట్టింది.
నేను ఊదినాను.
నా స్వరం ఒక్కటే, నిండా, నాలుగు లెక్కలు.
మధ్యలో ఆపొచ్చని కూడా తోచలేదు.
హేమావతి వీపు కట్టెలాగా బిగుసుకుంది.
అప్పుడు అందరూ వచ్చి నన్ను మూసేసినారు.

క్లారినెట్ ముక్కలు విప్పి పెట్టెలో పెడతా ఉంటే
"పదహారంటే పదిహేను కాదురా" అన్నాడు సారు, అంతే.

టీవీఎస్ మీద ఇంటికి పోయేటప్పుడు
నాయన వెనక్కి తిరక్కుండా అన్నాడు:
"అన్నిట్లో నీది తెలిసింది నాకు.
యాడా గాలి పోలేదు."

అది తప్పు నాయనా అని చెప్పబోయినా.
ఒకటి రెండు మూడు నాలుగు.
రెండు రెండు మూడు నాలుగు.